అరాదు పెంకుల మీద పన్నెండు దస్తూరీలు

పత్తికొండలో రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజులు రాయడం నా వృత్తి. కంప్యూటర్లు వచ్చాక చేత్తో రాసే పని తగ్గిపోయింది. అయినా పాత దస్తావేజు ఏదైనా ముందు పెడితే అది ఎవరి దస్తూరీయో చాలాసార్లు చెప్పగలను. ఒక్కొక్కరి తలకట్టు ఒక్కో తీరు, ఒక్కొక్కరి సున్నా ఒక్కో తీరు. బైబిల్లోని మొదటి ఐదు పుస్తకాలను (కాండాలను) ఎవరు, ఎప్పుడు రాశారన్న చర్చను నేను పట్టుకోవడానికి కారణం కూడా ఈ దస్తూరీల పిచ్చే.

మా మేనల్లుడు చర్చిలో యూత్ మీటింగులకు పోతుంటాడు. ఈమధ్య వచ్చి అడిగినాడు: "మామా, ఐదు కాండాలూ మోషేనే రాసినాడని పాస్టరు గారు చెప్తారు. ఫోన్లో చూస్తే అదంతా తర్వాతెప్పుడో కల్పించినారంటారు. ఏది నమ్మల్ల?"

నేనూ చర్చికి పోయేవాణ్ణే. వాడికి చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు పుస్తకం లోపలే ఉన్న సాక్ష్యం. ద్వితీయోపదేశకాండము చివరి అధ్యాయంలో మోషే చనిపోయి, సమాధి అవుతాడు. ఆదికాండము 36లో పొరుగు దేశమైన ఎదోము రాజుల జాబితా ఇస్తూ, ఇశ్రాయేలీయులకు రాజు లేని కాలంలో వీళ్ళు ఏలారని ఉంటుంది. ఇశ్రాయేలుకు రాజులు వచ్చాక బతికిన మనిషి రాయగల మాట అది. ఇలాంటి చోట్లను 12వ శతాబ్దంలోనే ఇబ్న్ ఎజ్రా అనే యూదు పండితుడు గమనించి, పైకి అనకుండా సూచనగా వదిలేశాడు. 1753లో ఫ్రాన్సుకు చెందిన జ్యాఁ ఆస్త్రూక్ అనే వైద్యుడు, 1878లో జర్మనీలో వెల్‌హౌజెన్, ఒకే పుస్తకంలో వేర్వేరు మూలాలు కలిసి ఉన్నాయని వాదించారు. ఇదంతా చదివి పట్టుకున్నది. మట్టి తవ్వి చూసినది కాదు.

తవ్వకాలనగానే అందరూ రాజుల శిలాశాసనాల గురించే మాట్లాడతారు. 1993లో ఉత్తర ఇజ్రాయెల్‌లోని తెల్ దాన్‌లో దొరికిన రాయి మీద "దావీదు ఇల్లు", అంటే దావీదు రాజవంశం, అని ఉంది, నిజమే, గొప్ప సంగతే. కానీ రాతి మీద రాజు చెక్కించిన మాట ఆ రాజు ఉన్నాడని చెబుతుంది గానీ, అతని ప్రజల్లో చదవగలిగినవాళ్ళు ఎందరో చెప్పదు. మాకు దగ్గర్లోనే ఎర్రగుడి ఉంది. అశోకుడి శాసనాలు అక్కడి బండల మీద ఇప్పటికీ చూడొచ్చు. ఒక శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి నడుస్తాయి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఆ బండ ముందు నిలబడి వాటిని చదవగలిగిన రైతు ఎవరైనా ఉన్నాడా? ఆ సంగతి బండ చెప్పదు.

అందుకే నాకు అరాదు పెంకులంటే అంత ఇష్టం. అరాదు యూదా రాజ్యానికి దక్షిణాన, నెగెవ్ ఎడారి అంచున ఉన్న చిన్న కోట. క్రీ.పూ. 600 ప్రాంతంలో అక్కడ ఉన్నది ఇరవై ముప్ఫై మంది సైనికులు. 1960లలో యోహనాన్ అహరోని అక్కడ తవ్వితే, సిరాతో రాసిన కుండపెంకులు దొరికాయి. వాటిలో కొన్ని ఎల్యాషీబు అనే స్టోరు అధికారికి వచ్చినవి. ఫలానా వాళ్ళకు ఇంత ద్రాక్షారసం ఇవ్వు, ఇంత పిండి ఇవ్వు, తేదీ రాసిపెట్టు, ఇవే మాటలు. ఒక దాంట్లో మాత్రం ఎదోమీయులు వచ్చి పడతారేమోనన్న భయంతో, మనుషుల్ని వెంటనే పంపమన్న ఆజ్ఞ ఉంది. 2017లో ప్రత్యేకమైన కెమెరాలతో తీసిన ఫోటోల్లో, ఒక పెంకు వెనకవైపు అర్ధ శతాబ్దంగా ఎవరికీ కనబడని రాత బయటపడింది. అందులోనూ అడిగింది ద్రాక్షారసమే!

టెల్ అవీవ్ యూనివర్సిటీ వాళ్ళు ఈ పెంకుల అక్షరాలను కంప్యూటరుతో పోల్చి, కనీసం ఆరుగురు రాశారని 2016లో ప్రకటించారు. 2020లో ఇజ్రాయెల్ పోలీసు శాఖలో ఏళ్ళ తరబడి దస్తూరీలు పరిశీలించిన నిపుణురాలితో చూపిస్తే, 18 రాతల్లో కనీసం 12 మంది చేతులు తేలాయి. ఈ సంగతి చదివినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది. రాజధానికి అంత దూరంలో, ఎడారిలో, సరుకుల చీటీల దగ్గర పన్నెండు దస్తూరీలు! యూదాలోనే ఇంకో కోట పట్టణమైన లాకీషులో దొరికిన పెంకు మీద, దాదాపు అదే కాలంలో హోషయాహు అనే చిన్న అధికారి తన పైవాడికి రోషంగా రాసుకున్నాడు: ఉత్తరాన్ని నాకు చదివిపెట్టడానికి ఇంతవరకు ఎవరినీ పిలవలేదు అని. చదవడం రాదన్న మాట అతనికి అవమానంగా తగిలిందంటే, చదువు అప్పటికి ఎంత దిగువకు చేరిందో ఊహించవచ్చు.

ఇంతమందికి రాత వచ్చిన కాలంలో పెద్ద గ్రంథాలు రాయగలవాళ్ళూ ఉండే ఉంటారు. మరి ఆ పెద్ద రాతలేవి? అవి పపైరస్ అనే రెల్లు కాగితం మీద ఉండేవి, పోయాయి. క్రీ.పూ. 586లో బాబిలోను సైన్యం యెరూషలేమును కాల్చింది. 1982లో యిగాల్ షిలో తవ్విన ఒక ఇంట్లో 51 మట్టి ముద్రలు దొరికాయి. పత్రాల కట్టలకు వేసిన ముద్రలవి. మంటకు పత్రాలు బూడిదయ్యాయి, మట్టి మాత్రం కాలి గట్టిపడింది. వాటిలో ఒకటి "షాఫాను కొడుకు గెమర్యా"ది. బైబిల్లో యిర్మీయా 36లో, ఆ ప్రవక్త లేఖికుడైన బారూకు ఒక గ్రంథాన్ని చదివి వినిపించింది గెమర్యా అనే అతని గదిలోనే, అతనూ షాఫాను కొడుకే. యూదా రాజు యోషీయా కాలంలో, క్రీ.పూ. 622లో, మందిరంలో దొరికిన ధర్మశాస్త్ర గ్రంథాన్ని రాజుకు చదివి వినిపించిన లేఖికుడి పేరు కూడా షాఫానే. ముద్రలోని గెమర్యా, యిర్మీయా 36లోని గెమర్యా ఒకరేనని చాలామంది పండితుల అభిప్రాయం. బారూకు పేరుతోనూ ముద్రలు బయటికొచ్చాయి గానీ, అవి తవ్వకంలో దొరికినవి కావు, పాతవస్తువుల మార్కెట్లో తేలినవి. పరీక్షించిన నిపుణులు నకిలీవన్నారు. ఎక్కడ దొరికిందో తెలియని వస్తువుని, అందులో ఎంత మంచి పేరున్నా, నేను లెక్కలోకి తీసుకోను. దస్తావేజుల దగ్గర కూడా నాది అదే పద్ధతి.

సరే, లేఖనమే నేరుగా దొరికిందా? దొరికింది. 1979లో యెరూషలేము పక్కన కెతెఫ్ హిన్నోమ్ సమాధుల్లో గాబ్రియేల్ బార్కాయ్ బృందానికి రెండు చిన్న వెండి చుట్టలు దొరికాయి. పెద్దది విప్పినా పది సెంటీమీటర్లు లేదు. విప్పడానికి మూడేళ్ళు పట్టింది. "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అన్న సంఖ్యాకాండము 6 ఆశీర్వచనం వాటి మీద సన్నగా గీసి ఉంది. మా చర్చిలో ఆదివారం ఆరాధన ముగిసేది ఆ మాటలతోనే. కాలం క్రీ.పూ. 7వ శతాబ్దం చివర, 6వ శతాబ్దం మొదలు. బైబిలు పాత ప్రతులైన మృతసముద్రపు చుట్టల కంటే దాదాపు నాలుగు వందల ఏళ్ళు పాతవి. అయితే ఆశీర్వచనం అప్పటికే ఉందంటే సంఖ్యాకాండమంతా అప్పటికే ఉందని కాదు. మా వాడికి ఇది రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఇవన్నీ కలిపి చూస్తే ద్వితీయోపదేశకాండములో ముఖ్యభాగం యోషీయా కాలానికి రాతలో ఉందనే నాకనిపిస్తుంది. అంతకంటే పాత కథలూ పాటలూ ముందునుంచే నోటి మీద నడుస్తూ వచ్చి, చాలామంది చేతుల్లో ఒక రూపానికి వచ్చాయి. సామెతలు 25 మొదట్లోనే, హిజ్కియా రాజు మనుషులు ఎత్తి రాశారని ఒప్పుకోలు ఉంది కదా! చాలామంది రాశారన్నంత మాత్రాన దాని విలువ నా దృష్టిలో పిసరంత కూడా తగ్గదు.

అరాదు పెంకులను పరిశీలించిన టెల్ అవీవ్ యూనివర్సిటీ వాళ్ళతో, అంటే ఫింకెల్‌స్టైన్ బృందంతో, ఒక్కచోట నాకు పేచీ. 586 తర్వాత యెరూషలేము ప్రాంతంలో హీబ్రూ రాతలు దాదాపు కనబడవు కాబట్టి, పెద్ద రచనలకు 586కి ముందు కాలమే ఎక్కువ అనుకూలమని వాళ్ళ వాదన. మరి బాబిలోనుకు చెరపోయినవాళ్ళ మాటేమిటి? బాబిలోనియాలో "యూదా పట్టణం" అని పేరున్న ఊరి మట్టిపలకలు ఉన్నాయి. అప్పులు, కౌళ్ళు, పన్నులు, అన్నీ అక్కడి లేఖరులు అక్కడి లిపిలో రాసినవే. వాటిలో ఒకదాని మీద షెలెమ్యా అన్న పేరు పాత హీబ్రూ అక్షరాల్లో ఉంది. అంత దూరం వెళ్ళాక కూడా వాళ్ళలో ఒకరు తమ అక్షరాలు రాయగలిగారు. అందుకని కూర్పు పనిలో బాబిలోను వాటా చిన్నదని నేను ఒప్పుకోను.