పెన్న గట్టున జియోకాష్: డబ్బా దాచేముందు

ఒకరు డబ్బా దాచి ఆ చోటు అంకెలను యాప్‌లో పెడితే, మిగతావాళ్లు ఫోను జీపీఎస్‌తో వెతికి పట్టుకునే ఆట జియోకాషింగ్. దాన్ని "నిధి వేట" అని చెప్పడం మన దగ్గర మానుకోవాలి. పాత కోటల్లో, గుళ్లలో గుప్తనిధుల తవ్వకాల వార్తలు చదివి చదివి ఉన్న జనం మనవాళ్లు. కడప జిల్లా సిద్ధవటం కోట పక్కన ఫోను పట్టుకుని రాళ్లు ఎత్తి చూసే మనిషి నోట "నిధి" అన్న మాట వచ్చిందంటే, ఆ తర్వాత ఏం చెప్పినా ఎక్కదు. ఎవరైనా అడిగితే "జీపీఎస్ ఆట, డబ్బాలో పేరు రాసి పెట్టేస్తాం" అని యాప్ చూపిస్తే సరిపోతుంది.

ఇదే కారణంతో స్టీలు డబ్బా వద్దే వద్దు. బండ కింద మూత బిగించిన స్టీలు డబ్బా కనబడితే సీమలో మొదట తట్టేది నాటుబాంబు. లోపలిది బయటికి కనబడే ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. మూతకు నాలుగు వైపులా క్లిప్పులు, లోపల రబ్బరు వాషరు ఉన్నది, అర లీటరుది చాలు. "ఇది ఆట డబ్బా, ప్రమాదం లేదు" అని తెలుగులో రాసిన చీటీ లోపలి నుంచి అంటించండి. బయట అంటిస్తే ఒక్క వేసవికే వెలిసిపోతుంది.

మే నెల ఎండకు రబ్బరుబ్యాండు కరిగి కాగితానికి అతుక్కుంటుంది, పెన్ను సిరా ఎండిపోతుంది. అందుకే వచ్చినవాళ్లు పేరు రాసే చీటీని జిప్ కవర్లో పెట్టి, పొట్టి పెన్సిలు జతచేయండి. చాక్లెట్లు, చిక్కీలు పెడితే చీమలు వస్తాయి, కోతులు డబ్బాను కొరికి తెరుస్తాయి. డబ్బా నేలను తాకితే చెదలు, కాబట్టి బండ మీద కూర్చోబెట్టాలి. 2000 మే 3న అమెరికాలోని ఓరెగాన్‌లో ఈ ఆటకు మొట్టమొదటి డబ్బాగా పెట్టిన బకెట్‌ను సగం పాతిపెట్టారు గానీ, ఇప్పుడు స్థల యజమాని ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప తవ్వి పాతిపెట్టడం నిషేధం.

చోటు విషయానికొస్తే, కోట రక్షిత కట్టడం కాబట్టి దాని లోపల, గోడ సందుల్లో పెట్టకూడదు. గట్టున స్థలం పంచాయతీదా, పట్టాదారుదా తెలుసుకుని అనుమతి అడగండి. ఇంకో డబ్బా ఉంటే 161 మీటర్లు దూరం ఉండాలి. ఏడాదిలో చాలా నెలలు పెన్న ఇసుకే కదా అని ఏటి లోపల దాచొద్దు. తుమ్మకొమ్మలకు చిక్కిన చెత్త, గుడ్డపేలికలు ఎంత ఎత్తున వేలాడుతున్నాయో చూడండి, పాత వరద అంతవరకు వచ్చింది. డబ్బా అంతకంటే పైన ఉండాలి. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పెన్నలో కలిసే చెయ్యేరు ఏం చేసిందో ఈ జిల్లాకు చెప్పనక్కర్లేదు.

ఎక్కువమంది తప్పుచేసేది చోటు చెప్పే అక్షాంశ, రేఖాంశాల అంకెల దగ్గర. మ్యాపులో అక్షాంశం 14.470 డిగ్రీలు అని కనబడేదాన్ని ఆట సైటులో 14 డిగ్రీల 28.200 నిమిషాలు అని రాయాలి. దశాంశాన్ని 60తో గుణించాలన్నమాట. అది మరిచి 14 డిగ్రీల 47.0 అని కొడితే డబ్బా ఉత్తరంగా దాదాపు 35 కిలోమీటర్లు జరిగి బద్వేలు వైపు పోతుంది! నిమిషాల్లో మూడో దశాంశం ఒక్క అంకె మారితే తేడా 1.8 మీటర్లే. అయితే ఫోను ఆరుబయటే అయిదు మీటర్ల దాకా తప్పుతుంది, చింతచెట్టు కింద, ఎత్తైన గోడ పక్కన ఇంకా ఎక్కువ. ఫోనును డబ్బా మీద అయిదు నిమిషాలు ఉంచి అంకెలు రాసుకోండి. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు తీసి సగటు వేయండి.

వెతికేవాళ్లు పొద్దున్నే రండి. సందులో చేయి పెట్టేముందు కర్రతో కదపండి, ఎండకు తేళ్లు రాళ్ల కిందే ఉంటాయి. అయిదు మీటర్లలోపుకు వచ్చాక ఫోను జేబులో పెట్టేసి కళ్లతో వెతకండి, యాప్‌లో దారి చూపే బాణం గుర్తు అక్కడ ఊరికే తిరుగుతుంటుంది. దొరక్కపోతే "దొరకలేదు" అని యాప్‌లో రాయండి. వరసగా కొందరు అలా రాస్తే, దాచినవాళ్లు వచ్చి డబ్బా ఉందో లేదో చూసుకుంటారు.