కస్మై నమః

విష్ణు సహస్రనామార్చన జరిగే చోట ఒక నామం దగ్గర నాకు మనసు చివుక్కుమంటూ ఉంటుంది. 'ఓం సవాయ నమః' తర్వాత చాలా నామావళి పుస్తకాల్లో 'ఓం కస్మై నమః' అని వరసగా రెండుసార్లు ఉంటుంది. ఆమధ్య ఒక సామూహిక అర్చనలో చదివేవారు రెండోది వదిలేశారు. అయ్యాక వెళ్లి అడిగితే, "ప్రింటింగ్ మిస్టేక్ అండీ, ఒకే నామం రెండుసార్లు పడింది" అన్నారు. పుస్తకంలో పెన్నుతో కొట్టేసి కూడా ఉంది.

అది అచ్చుతప్పు కానే కాదు. శంకర భాష్యం లెక్కలో 728వ నామం 'కః', 729వ నామం 'కిం'. మొదటిది పుంలింగం, రెండోది నపుంసకలింగం. 'కొరకు' అనే అర్థమిచ్చే చతుర్థీ విభక్తిలో రెండూ 'కస్మై' అనే అవుతాయి. కొట్టేసినవారు భగవంతుడి పేరునే కొట్టేశారు.

ఏకో నైకః సవః కః కిం యత్తత్పదమనుత్తమమ్ |
లోకబంధుర్లోకనాథో మాధవో భక్తవత్సలః ||

అందరికీ నోటికొచ్చిన శ్లోకమే. నోటికి రావడం వల్లే వచ్చిన చిక్కు కూడా. 'కః కిం యత్తత్' అని గులకరాళ్లు దొర్లినట్టు దొర్లించేసి 'లోకబంధుః' దగ్గర ఊపిరి తీసుకుంటాం. ఆ దొర్లిపోయినవి ఏమిటి? ఎవరు, ఏమిటి, ఏది, అది. అంపశయ్య మీద ఉన్న భీష్ముడు అన్ని గొప్ప నామాలు చెబుతూ చెబుతూ, "ఎవరు?" అన్నదాన్ని కూడా స్వామి పేరుగా చెప్పాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగకపోతే ఇంకెక్కడ ఆగుతాం?

'క' అంటే సుఖం అని శంకరులు భాష్యం చెప్పి, 'కం బ్రహ్మ' అన్న ఛాందోగ్యోపనిషత్తు వాక్యం చూపించారు. ఉపకోసలుడి కథలోది అది. సత్యకామ జాబాలుడనే గురువు దగ్గర 12 ఏళ్లు అగ్నులకు సేవ చేశాడా పిల్లవాడు. తోటివాళ్లందరికీ సమావర్తనం, అంటే చదువు ముగింపు సంస్కారం, చేసి పంపిన గురువు, ఇతన్ని మాత్రం పంపలేదు, ఏమీ చెప్పకుండానే ప్రయాణమై వెళ్లిపోయాడు. పిల్లవాడు దిగులుతో అన్నం మానేశాడు. అప్పుడు ఇన్నాళ్లూ తను కాపాడిన అగ్నులే జాలిపడి చెప్పాయి: ప్రాణం బ్రహ్మ, కం బ్రహ్మ, ఖం బ్రహ్మ. "ప్రాణం సంగతి తెలిసింది, కం, ఖం అంటే తెలియలేదు" అన్నాడతను. ఏది కమో అదే ఖం, ఏది ఖమో అదే కం అన్నాయి అగ్నులు. సుఖమే ఆకాశం, ఆకాశమే సుఖం. గదిలో పట్టేది, చేతికి అందేది అయిన సుఖం గురించి కాదు ఆ మాట.

కానీ నేను ఎక్కువగా పట్టుకుని వేలాడేది రెండో అర్థం. ఋగ్వేదం పదో మండలంలో 121వ సూక్తం, హిరణ్యగర్భ సూక్తం. పది మంత్రాల్లో తొమ్మిదింటి చివర ఒకటే పల్లవి: 'కస్మై దేవాయ హవిషా విధేమ'. ఏ దేవుడికి ఈ హవిస్సు ఇవ్వాలి? భూమిని, ఆకాశాన్ని నిలబెట్టినవాడు ఎవరు? మంచుకొండలు ఎవరి మహిమ? తొమ్మిదిసార్లు అడిగాక పదో మంత్రంలో కానీ 'ప్రజాపతే' అన్న పిలుపు రాదు. ఋగ్వేదానికి చెందిన ఐతరేయ బ్రాహ్మణం అనే గ్రంథం మరీ ముచ్చటగా చెబుతుంది. వృత్రుణ్ణి చంపిన ఇంద్రుడు ప్రజాపతి దగ్గరికి వచ్చి, నీ గొప్పతనం నాకు కావాలన్నాడు. "అది నీకిచ్చేస్తే ఇక నేనెవర్ని?" అన్నాడు ప్రజాపతి. "ఇప్పుడు అన్నావే, అదే నువ్వు" అన్నాడు ఇంద్రుడు. అలా 'కః' ఆయన పేరైంది. హరివంశంలో శివుడు కేశవ నామానికి చెప్పిన అర్థంలోనూ క అంటే బ్రహ్మే. అంటే రోజూ ఆచమనంలో మొట్టమొదట పలికే నామంలోనే ఈ అక్షరం ఉంది.

ఈ చిన్న మాట ఎన్ని నోళ్లలో ఎన్ని రకాలుగా పలుకుతుందో చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. హిందీ కౌన్, మరాఠీ కోణ్, బెంగాలీ కే, ఎక్కడో బాల్టిక్ తీరంలో లిథువేనియా వాళ్ల కస్, అన్నీ ఈ కుదురువే. జపాను భాషలో వాక్యం చివర 'క' చేరిస్తే ప్రశ్న అవుతుంది. ప్రాచీన ఈజిప్టులో 'క' అంటే మనిషిలోని ప్రాణశక్తి. దాన్ని పైకెత్తిన రెండు చేతుల బొమ్మగా రాసేవారు, పోయినవారి 'క'కు నైవేద్యాలు పెట్టేవారు. జపానుకీ ఈజిప్టుకీ వేదంతో చుట్టరికం కలపడం నా ఉద్దేశం కాదు. వేరు వేరు జాతుల నోట ఒకే ధ్వని ఒకచోట ప్రశ్నగా, ఒకచోట ప్రాణంగా నిలిచిందని తెలిసినప్పుడు నాకు చేతులు జోడించాలనిపించింది, అంతే.

మన తెలుగు 'ఎవరు' వేరే కుదురు. అయితేనేం, పోతన గారు గజేంద్రుడి నోట ఏం పలికించారు? 'ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపలనుండు లీనమై' అని పద్యమంతా ఎవ్వడు, ఎవ్వడు అనే. మొసలి కాలు పట్టి లాగేస్తుంటే, ఆ ఏనుగు ఏ ఒక్క రూపాన్నీ ఎంచి పిలవలేదు. బ్రహ్మాది దేవతలు పిలిచింది తమని కాదనుకుని ఊరుకున్నారు. అన్నిటా ఉన్నవాడు మాత్రం పరుగెత్తుకొచ్చాడు.

నాన్నగారిని ఐసీయూలో పెట్టిన రాత్రి నాకు ఒక్క స్తోత్రం గుర్తుకు రాలేదు. టెన్షన్‌లో గాయత్రి కూడా సగంలో ఆగిపోయింది. "ఎవరున్నారయ్యా మాకు" అన్నదొక్కటే లోపల తిరిగింది. తెల్లవారుజామున కాస్త నెమ్మదించాక ఈ శ్లోకం మనసులోకి వచ్చింది. పై పాదంలో కః అని ఉంది కదా, కింది పాదంలో ఏముంది? లోకబంధుః. లోకానికి చుట్టం. ఆ తర్వాత భక్తవత్సలః. భీష్ముడు ప్రశ్ననీ జవాబునీ ఒకే శ్లోకంలో పెట్టాడని అప్పటిదాకా నేను గమనించలేదు.

కాబట్టి దయచేసి పారాయణాన్ని పరుగు పందెం చెయ్యకండి. ఫోన్లో స్పీడు పెంచి, దాని వెంట గొంతు కలిపి, ఇన్ని ఆవృత్తులు అయ్యాయని లెక్క చెప్పుకోవడం దేనికి? ఒక్క ఆవృత్తి చాలు, కః దగ్గర ఆగి చదవండి. ఇంకో మాట. ఇంట్లో పిల్లలు "దేవుడంటే ఎవరు?" అని అడిగితే, "అలా అడగకూడదు, కళ్లు పోతాయి" అని నోరు మూయించకండి. ఇంట్లో చేసే సంస్కారాల పద్ధతి చెప్పే ఆశ్వలాయన గృహ్యసూత్రంలో ఉపనయనం చేసే ఆచార్యుడు వటువును ఎవరికి అప్పగిస్తాడో తెలుసా? 'కాయ త్వా పరిదదామి' అంటాడు, నిన్ను 'క'కు అప్పగిస్తున్నాను అని. పిల్లవాడు అడిగింది స్వామి పేరేనని చెప్పండి. పక్కన కూర్చోబెట్టుకుని ఈ శ్లోకం నేర్పండి, మీరూ వాడితో కలిసి అడగండి.