పదాలకు అర్థాలు రాస్తే చాలదు, వాటి మధ్య సంబంధాలూ రాయాలి

ఒక వ్యాపారంలో నాలుగు విభాగాలు ఒకే మాటను నాలుగు అర్థాల్లో వాడుతుంటే, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ పెట్టినా లెక్కలు కలవవు. నెల్లూరు జిల్లాలో రొయ్యలు కొని, ప్రాసెస్ చేసి, ఎగుమతి చేసేవారికి సాఫ్ట్‌వేర్ అవసరాలు రాసిపెట్టడం నా వృత్తి కాబట్టి ఈ చిక్కు నాకు తరచూ ఎదురవుతుంది. డేటాబేస్ పట్టికల జోలికి వెళ్లకముందే కాన్సెప్ట్ మోడల్, అంటే వ్యాపారంలో వాడే మాటల అర్థాలనూ వాటి మధ్య సంబంధాలనూ వాక్యాల్లో రాసిన పత్రం, తయారు చేసుకోవాలని నేను ఎందుకు పట్టుబడతానో మన రొయ్యల లెక్కలతోనే వివరిస్తాను.

ముందుగా ‘కౌంట్’ సంగతి చూద్దాం. ఇందుకూరుపేట వైపు ఏదో ఒక చెరువు గట్టున వల విసిరి తీసిన రొయ్యలను తూచి, లెక్కపెట్టి, “నలభై కౌంట్ పడిందన్నా” అన్నారంటే తలతో సహా కిలోకు 40 రొయ్యలు తూగాయని, అంటే ఒక్కొక్కటి 25 గ్రాములు ఉందని అర్థం. అదే సరుకు ప్లాంటుకు చేరి తల తీసిన తర్వాత ఎగుమతి విభాగం దాన్ని 26/30 అని రాస్తుంది. ఇది తల తీసి, పెంకు ఉంచిన రొయ్యలు పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 26 నుంచి 30 వరకు వస్తాయని చెప్పే సంఖ్య. వనామీ రకం రొయ్యలో తల పోయాక ఇంచుమించు 65 శాతం బరువు మిగులుతుందనుకుంటే 25 గ్రాముల రొయ్య 16 గ్రాములకు దిగుతుంది, పౌనుకు 28 పడతాయి. రెండు లెక్కలూ సరైనవే. అయితే ఈ రెండింటినీ ‘కౌంట్’ అనే ఒకే గడిలో నింపిన రిపోర్టు మాత్రం, చిన్న రొయ్య కొని పెద్ద రొయ్య అమ్మినట్టు చూపిస్తుంది.

కాన్సెప్ట్ మోడల్ ఇక్కడ ఎవరి మాటనూ తప్పుపట్టదు. ‘చెరువు కౌంట్’, ‘ఎగుమతి కౌంట్’ అని రెండు భావనలను విడదీసి, ఒక్కొక్కటి ఏ కోవకు చెందినదో, ఆ కోవలోని మిగతావాటి నుంచి దేనివల్ల వేరుపడుతుందో ఒక్క వాక్యంలో నిర్వచిస్తుంది. నిర్వచనం నిలబడుతుందో లేదో తేల్చుకోవడానికి ఒక పాత పరీక్ష ఉంది: వాక్యంలో పదాన్ని తీసేసి దాని స్థానంలో నిర్వచనాన్ని పెట్టి చదివితే అర్థం చెడకూడదు. గట్టు మీద మనుషులు ‘కౌంట్’ అనే అనుకోవచ్చు, అందులో ఇబ్బందేమీ లేదు. ఒక విభాగం నుంచి మరో విభాగానికి వెళ్లే కాగితం మీద మాత్రం పూర్తి పేరు ఉండాలి.

చాలా సంస్థలు ఇంతటితో ఆగి, ఒక పదకోశం తయారుచేసుకుని తృప్తిపడతాయి. అసలు విభేదాలు బయటపడేది పదాలను క్రియలతో కలిపి వాక్యాలుగా రాసినప్పుడేనని నా అభిప్రాయం. ‘పంట’, ‘పట్టుబడి’ (చెరువులో రొయ్యలు పట్టడం) అనే రెండు మాటలకూ విడివిడిగా అర్థం చెప్పమంటే అందరూ ఒకే మాట చెబుతారు. “ఒక పంటకు ఒకే పట్టుబడి ఉంటుంది” అని రాసి చూపించండి, వెంటనే అభ్యంతరం వస్తుంది, ఎందుకంటే చెరువులో సాంద్రత తగ్గించడానికి మధ్యలో పార్షియల్ పట్టుబడి చేసే రైతులు చాలామంది ఉన్నారు. ఆ వాక్యం “ఒక పంటకు ఒకటి గానీ అంతకంటే ఎక్కువ గానీ పట్టుబడులు ఉంటాయి” అని మారగానే ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పట్టిందనే నిష్పత్తి) లెక్క కూడా మారిపోతుంది. ఉదాహరణకు పంట మొత్తానికి 6.5 టన్నుల మేత వేసి, పార్షియల్‌లో ఒక టన్ను, చివర్లో 4 టన్నులు పట్టారనుకుందాం. అసలు ఎఫ్‌సీఆర్ 1.3. చివరి పట్టుబడినే పంటగా లెక్కవేసే పట్టికలో అది 1.6 దాటి కనిపిస్తుంది, మేత బాగా వాడుకున్న రైతు మేత వృథా చేసినవాడిగా తేలతాడు.

‘లాట్’ (ప్లాంటులో ఒకే నంబరు కింద ఉంచే సరుకు) విషయంలో ఈ ప్రమాదం మరింత పెద్దది. పట్టుబడికి ముందు చేసే యాంటీబయోటిక్ పరీక్షకు నమూనా చెరువు నుంచి తీస్తారు, విదేశీ కొనుగోలుదారు ప్రశ్నించేది మాత్రం ప్లాంటులోని లాట్ గురించి. పక్కపక్క చెరువుల సరుకు ఒకే వాహనంలో వచ్చి ఒకే లాట్ నంబరు వేయించుకుంటే, ఏ పరీక్షా పత్రం ఏ పెట్టెకు వర్తిస్తుందో చెప్పే దారి మూసుకుపోతుంది. “ఒక లాట్ ఎన్ని చెరువుల సరుకుతో ఏర్పడవచ్చు?” అన్న ప్రశ్న కొనుగోలు, నాణ్యత, ఎగుమతి విభాగాల వారిని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి అడగవలసినది. దీన్ని ప్రోగ్రామర్‌కు వదిలేస్తే అతను తనకు తోచినట్టు ఒక జవాబు రాసేస్తాడు, సంస్థ ఆ జవాబుకు కట్టుబడిపోతుంది.

అందుకే కాన్సెప్ట్ మోడల్‌ను డేటా మోడల్‌కు మరో పేరుగా చూడకూడదని గట్టిగా చెబుతాను. డేటా మోడల్ ఏ సమాచారాన్ని ఎలా దాచాలో చెబుతుంది, కాన్సెప్ట్ మోడల్ మనం మాట్లాడుతున్నది దేని గురించో చెబుతుంది. ఈ పద్ధతికి ఆధారమైన ఎస్‌బీవీఆర్ (వ్యాపార పదాలనూ నియమాలనూ రాసే తీరు) అనే ప్రమాణాన్ని, సాఫ్ట్‌వేర్ ప్రమాణాలు రూపొందించే ఓఎంజీ సంస్థ 2008లో ప్రచురించింది. పరిభాష నిర్మాణానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ ఏర్పరచిన సూత్రాలనూ తర్కశాస్త్రాన్నీ కలిపి రూపొందించినా, అందులోని వాక్యాలు వ్యాపారస్తులు చదివి “అవును, ఇంతే” అనగలిగే మామూలు భాషలో ఉండాలన్నదే దాని ఉద్దేశం.

సంస్థలో వాడే ప్రతి మాటనూ నిర్వచించబోవడం వృథా ప్రయాస. డబ్బు, తూకం, పరీక్షా పత్రం, రిజిస్ట్రేషన్ వీటిలో ఏదో ఒకటి ఆధారపడిన మాటలతో మొదలుపెడితే చాలు. ‘రైతు’ అలాంటిదే, ఎందుకంటే చెరువు యజమాని, కౌలుకు తీసుకుని సాగు చేసేవాడు, బిల్లు సొమ్ము అందుకునేవాడు ముగ్గురు వేర్వేరు మనుషులు కావచ్చు. ఒకసారి రాసుకున్న మోడల్‌ను మళ్లీ తెరవవలసిన సందర్భాలూ వస్తాయి. వనామీతో పాటు టైగర్ రకం రొయ్య కూడా కొనడం మొదలుపెట్టిన చోట, తల తీశాక మిగిలే బరువు శాతాన్ని ‘కౌంట్’ పక్కన స్థిరసంఖ్యగా ఉంచడం కుదరదు. అది రొయ్య రకాన్ని బట్టీ సైజును బట్టీ మారేది కాబట్టి ‘రకం’ అనే భావనను చేర్చి, ఆ శాతాన్ని దానికి ముడిపెట్టాలి.