వదినకు కూడా ఒక శుక్రవారం కావాలి

కువైట్‌లో నేను చూసుకునే పెద్దావిడ పక్షవాతంతో మంచంలోనే ఉంటుంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టకపోతే నడుం దగ్గర పుండ్లు పడతాయి. రాత్రి సగం ఆమె కూతురు లేస్తుంది, సగం నేను. నడుం కింద అడ్డంగా ఒక దుప్పటి మడతపెట్టి పరిచి, దాన్ని పట్టుకుని జరిపితే మన నడుం మీద బరువు పడదు. నర్సు నేర్పిన ఆ పద్ధతిని వీడియో కాల్‌లో మా వదినకు చూపించాను.

మాది నల్గొండ జిల్లా మర్రిగూడ దగ్గర పల్లె. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి మా నాయిన వెన్ను బిగుసుకుపోయింది, మెడ తిరగదు. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి గానీ, వంగిన ఎముక మళ్లీ సాగదు. ఆయన్ని లేపడం, కడగడం, తినిపించడం అన్నీ వదినే.

ఇక్కడ కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం ఇంట్లో పనిచేసేవాళ్లతో రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి. అన్ని ఇళ్లలో అమలు కాదు, నా శుక్రవారం సెలవు నేను అడిగి తెచ్చుకున్నదే. వదిన ఎవరిని అడగాలి?

ఇదివరకు ఫోన్ ఎత్తితే మేకల నుంచి పక్కింటి పెళ్లి దాకా చెప్పేది. ఇప్పుడు "ఆ, తిన్న" అని ఊరుకుంటుంది. చాయ్ ఒలికితే నాయిన మీద అరిచి, కొట్టం కాడికి పోయి ఏడుస్తుందట. "మామ పండుకున్నా నాకు నిద్ర వస్తలేదు, ఎంత చేసినా ఏం లాభం" అంది. ఆ మాటకు నాకు భయమేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌కు, అంటే పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలసిపోవడానికి, మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద మనసు విరగడం, చేసేదేదీ పనికిరాదనిపించడం. అది ఉద్యోగాల గురించి రాసింది, కోడళ్ల గురించి కాదు. అయినా మూడూ వదినలో కనబడుతున్నాయి.

అన్నతో గట్టిగానే మాట్లాడాను. ఆదివారం స్నానం, మలమూత్రాలు అన్నీ ఆయనే చూస్తాడు, వదిన దేవరకొండలో తల్లిగారింటికి పోతుంది. నేను పంపే పైసల్లోంచే మధ్యాహ్నాలకు పక్కింటామెను పెట్టుకోమన్నాను. మనసు మరీ బరువెక్కితే 14416కు ఫోన్ చేయమన్నాను, అది మనసు బాధలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ సేవ, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

"నలుగురు ఏమంటరో" అని వదిన ఇంకా జంకుతోంది. పరాయి మనిషి తినిపిస్తే నాయిన నోరు తెరవడం లేదు. కొన్నాళ్లు అన్న పక్కన కూర్చుంటే అలవాటవుతుందేమో చూద్దామనుకున్నాం.