హేడ్రియన్ గోడ పక్కన పదకొండు మంది సైన్యం

హెక్సాం స్టేషన్ బయట ఏడీ122 బస్సు కోసం నలభై నిమిషాలు నిలబడ్డాను. ఉత్తర ఇంగ్లండులో రోమన్ చక్రవర్తి హేడ్రియన్ హయాంలో సరిహద్దు గోడ కట్టడం మొదలైన సంవత్సరమే, అంటే క్రీ.శ. (ఏడీ) 122, ఆ బస్సు నంబరు. ఆ సంగతి తెలిసి ముచ్చటేసింది కానీ, సెప్టెంబరు ఆఖరున ఆ గాలిలో నలభై నిమిషాలంటే మాటలు కాదు. పక్కనే టీ కొట్టు ఉంది. కప్పు మూడు పౌండ్లు. మనసులో రూపాయల్లోకి మార్చుకుని మానేశాను.

రోమన్ సైనికుల మీద ఒక చిన్న సినిమా తీస్తున్నారని, వేషాలకు మనుషులు కావాలని మా యూనివర్సిటీ నోటీసు బోర్డులో చూసి పేరిచ్చాను. జీతం ఉండదు, భోజనం పెడతారు, దారిఖర్చులు ఇస్తారు అన్నారు. ఆ దారిఖర్చులు ఇప్పటికీ రాలేదు. తలుచుకుంటే కోపమొస్తుంది గానీ, వెళ్లకుండా ఉండాల్సిందని మాత్రం ఒక్కసారీ అనిపించలేదు.

వన్స్ బ్రూడ్ స్టాపులో దిగి, గొర్రెల మధ్య నుంచి రెండు మైళ్లు నడిచాక ఒక టెంటు, రెండు వ్యాన్లు కనిపించాయి. గోడ దగ్గర షూటింగ్ అంటే అనుమతులు కావాలి, డబ్బు కావాలి. అందుకే ఒక రైతును అడిగి ఆయన పొలంలో పెట్టుకున్నారు. అసలు గోడ దూరంగా గట్టు మీద ఒక గీతలా కనిపిస్తోంది.

నన్ను ఏ బానిసగానో, మూటలు మోసేవాడిగానో నిలబెడతారనే అనుకున్నాను. నేను చూసిన పెద్ద సినిమాల్లో రోమన్ సైనికులంటే తెల్లవాళ్లే. కాస్ట్యూమ్స్ చూసే అమ్మాయి కాగితం చూసి, "మీరు హమా విలుకాడు" అంటూ పొడవాటి అంగీ, మొనదేలిన శిరస్త్రాణం, విల్లు చేతికిచ్చింది. నా రంగు చూసి అప్పటికప్పుడు కల్పించిన వేషమేమో అనుకుని మొహం చిన్నబుచ్చుకున్నాను.

టెంటు మూల ఇనుప రింగుల చొక్కాకు నూనె రాస్తున్న పెద్దాయన అది గమనించినట్టున్నాడు, పక్కన కూర్చోమన్నాడు. రిటైరయ్యాక పాతకాలపు సైనికుల వేషం కట్టి ఊరూరా ప్రదర్శనలిచ్చే బృందంలో చేరాడట. ఇంగ్లండులో అలాంటి బృందాలు చాలా ఉన్నాయి. వాటిలో పేరున్న ఎర్మైన్ స్ట్రీట్ గార్డ్ 1972 నుంచి నడుస్తోంది. చిన్న బడ్జెట్ రోమన్ సినిమాలకు వీళ్లే దిక్కు, ఎందుకంటే ఆయుధాలు, చెప్పులు, డాళ్లు అన్నీ సొంతంగా చేయించుకుని భద్రంగా దాచుకుంటారు.

ఇక్కడికి పది పన్నెండు మైళ్ల లోపే కార్వోరాన్ కోట ఉందని, రోమన్ల కాలంలో దాని పేరు మాగ్నా అని ఆయనే చెప్పాడు. హేడ్రియన్ రోజుల్లో సిరియాలోని హమా నుంచి వచ్చిన విలుకాళ్ల దళం అక్కడ కాపలా ఉండేది. వాళ్లు చెక్కించిన శాసనాలు దొరికాయి. నాకిచ్చిన అంగీ, శిరస్త్రాణం కూడా ఊహించి కుట్టినవి కావు. రోములో 113లో పూర్తయిన ట్రాజన్ స్తంభం మీద తూర్పుదేశపు విలుకాళ్లు ఈ వేషంలోనే ఉంటారు. అది విన్నాక అంగీ సరిచేసుకుని లేచాను. ఎండ దేశం నుంచి వచ్చి ఈ గాలిలో పహారా కాసినవాళ్లు ఉన్నారంటే, వాళ్ల చలి నాకు తెలిసిన చలే.

మొదటిరోజు సగం వానకే పోయింది. రెండోరోజు అసలు పని మొదలైంది.

మేం మొత్తం పదకొండు మందిమి. రోమన్ సైన్యంలో సెంచరీ అనే దళమంటే 80 మంది. అంతమందిలా కనిపించాలంటే కెమెరా ముందు నుంచి నడిచి దాటిపోయి, వెనక నుంచి పరుగెత్తుకొచ్చి మళ్లీ వరుస చివర కలవాలి. డాళ్లు మొహానికి అడ్డంగా పట్టుకుంటే మనిషి గుర్తు తెలియడు. ముందున్న నలుగురికి పెద్దాయన తెచ్చిన నిజమైన ఇనుప చొక్కాలు. ఒక్కొక్కటి పది కిలోలకు తగ్గదు. వెనకవాళ్లకు లావు ఊలుతో అల్లి వెండి రంగు పూసినవి. చేత్తో పట్టుకుంటే స్వెటరే. పది అడుగుల దూరం నుంచి, ఆ మబ్బు వెలుతురులో, తేడా తెలియలేదు.

అక్కడ మా తాత గుర్తొచ్చాడు. నల్గొండ దగ్గర మా ఊళ్లో యక్షగానం ఆడించేవాడు. పొణికి కర్రతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు ట్రంకు పెట్టెలో పాత చీరల్లో చుట్టి పెట్టేవాడు. ఐదుగురు మనుషులతో రాత్రంతా రెండు సైన్యాలు నడిపించేవాడు. కిరీటం మీద ఒక అద్దంముక్క ఊడినా, అది అతికించేదాకా వేషం కట్టనిచ్చేవాడు కాదు.

పెద్దాయనదీ అదే పట్టు. కాస్ట్యూమ్స్ అమ్మాయి అందరికీ ముంజేతికి తోలుపట్టీలు కట్టింది, సినిమాల్లో అలాగే ఉంటుంది కదా. రోమన్ సైనికులు అవి కట్టినట్టు ఆధారం లేదని ఈయన విప్పించాడు. అరగంట వాదన. 1964లో కార్‌బ్రిడ్జి అనే ఊళ్లో మట్టిలోంచి ఒక చెక్కపెట్టె దొరికిందని, అందులోని ఇనుప కవచాల ముక్కలు చూశాకే రోమన్లు ఇనుప పట్టీల కవచం ఎలా కూర్చేవారో తేలిందని, అంతదాకా అంతా అంచనాయేనని చెప్పాడు. "తెలియనిదాన్ని క్షమించొచ్చు, తెలిసి తప్పు కట్టకూడదు" అన్నాడు.

డైరెక్టరమ్మ ఆ మాట విన్నది. నాలుగేళ్లుగా దాచుకున్న డబ్బుతో తీస్తోంది. రోము నగరం చూపించే స్తోమత లేదు కాబట్టి సరిహద్దు కోట కథ రాసుకున్నానని చెప్పింది. 1976లో దర్శకుడు డెరెక్ జార్మన్ తీసిన 'సెబాస్టియన్' సినిమా ఆమెకు ధైర్యం. కొద్దిమంది సైనికులు, సార్డీనియా ఎండ, మాటలన్నీ లాటిన్‌లో. ఈమె కథలో యుద్ధమే లేదు. గోడకు దగ్గర్లోని విండోలాండా అనే రోమన్ కోటలో 1973 నుంచి బయటపడుతున్న పలచటి చెక్క ఉత్తరాల్లో ఒకటుంది. మేజోళ్లు, రెండు జతల చెప్పులు, రెండు జతల లోదుస్తులు పంపానని ఎవరో ఒక సైనికుడికి రాసిన ఉత్తరం. ఆ మూట కోసం ఎదురుచూడటమే కథ.

సాయంత్రం నన్నొక షాట్ అడిగింది. మంట పక్కన కూర్చుని చలిని తిట్టుకోవాలి, నా సొంత భాషలో. తెలుగు ఎవరికీ అర్థం కాదు, వినడానికి బాగుంటుంది అంది. ఆశ పుట్టింది. ఒక సినిమాలో, హేడ్రియన్ గోడ పక్కన, తెలుగు మాట! కానీ తోలుపట్టీలు విప్పించిన మనిషి ఎదురుగా ఉన్నాడు. హమా నుంచి వచ్చినవాడు ఆ వైపు పాత భాష అరమాయిక్ లాంటిదేదో మాట్లాడి ఉంటాడు గానీ తెలుగు మాట్లాడడు కదండీ అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, సరే, మాట వద్దు, చేతులు మాత్రం కాచుకో అంది. ఆ షాట్ ఒక్క టేకులో అయింది. నిజంగానే వేళ్లు కొంకర్లు పోయున్నాయి.

తర్వాతి వారం మెట్రో ఎక్కి సౌత్ షీల్డ్స్ వెళ్లాను. ఏడాదిగా పక్కనే ఉంటున్నా ఒక్కసారీ చూడలేదు. సిరియాలోని పల్మైరా నుంచి వచ్చిన బరాతెస్ అనే మనిషి తన భార్య రెజీనాకు వేయించిన సమాధిరాయి అక్కడి కోట మ్యూజియంలో ఉంది. ఆమె ఈ దేశపు పిల్లే, ఒకప్పుడు అతని బానిస. పైన లాటిన్ వాక్యాలు. అన్నిటికంటే కింద ఒక్క వరుస మాత్రం అతని పల్మైరా లిపిలో, తన భాషలో: బరాతెస్ విడిపించిన రెజీనా, అయ్యో. లాటిన్ అక్షరాలు తడబడ్డాయి. ఆ కింది వరుస మాత్రం చక్కగా, చేయి తిరిగినట్టు ఉంది. చాలాసేపు ఆ వరుస దగ్గరే నిలబడ్డాను.

షూటింగ్ రోజు మాట ఒకటి మిగిలింది. అంతా సర్దేసరికి ఆఖరి బస్సు వెళ్లిపోయింది. పెద్దాయన తన వ్యాన్‌లో హాల్ట్‌విజిల్ స్టేషన్‌లో దింపుతానన్నాడు. మలుపు మలుపుకూ వెనక ఇనుప చొక్కాలు గలగలమంటున్నాయి. తాత కిరీటాల గురించి చెప్పాను. అంత పెద్దవి రాత్రంతా తలమీద ఎలా మోశారని అడిగాడు. ఆ కర్ర దూదిలా తేలిక అన్నాను. స్టేషన్ ముందు వ్యాన్ ఆపి, షూటింగ్ కాగితం వెనక్కి తిప్పి, పెన్ను తీశాడు. "ఆ కర్ర పేరు మళ్లీ చెప్పు, నెమ్మదిగా" అన్నాడు.

"పొణికి" అన్నాను. రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు.