మధ్యాహ్నం మూడుంబావుకే చీకటి

డిసెంబరు 10, బుధవారం. హెల్సింకీ.

వచ్చి నాలుగు రోజులైంది, ఇంతవరకు సూర్యుణ్ణి చూడలేదు. ఈ నెలలో ఇక్కడ తొమ్మిది దాటాక గాని తెల్లవారదు. మధ్యాహ్నం మూడుంబావుకల్లా పొద్దు కుంకుతుంది. ఆ మధ్య ఉన్న కాస్త వెలుతురూ మబ్బు చాటునే గడుస్తోంది. నేను ఎనిమిదికి ఆఫీసులోకి వెళ్ళి అయిదున్నరకు బయటపడుతున్నాను, వెళ్ళేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే.

పాత గిడ్డంగి లెక్కలను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చే పని శుక్రవారానికి ముగించాలి. ఈరోజు రెండు చోట్లా అంకెలు కలవలేదు. తేడా ఎక్కడ వచ్చి ఉంటుందని ఇక్కడి బృందంలోని పెద్దావిడను అడిగాను. ఆమె పలకలేదు. ప్రశ్న అర్థం కాలేదేమోనని మరోలా అడిగాను, బొమ్మ గీసి చూపించాను, నాకు తోచిన కారణాలు రెండు చెప్పాను. ఆమె అన్నీ విన్నారు. ఇంకాసేపు తెర వైపే చూసి, “రద్దయిన ఆర్డర్లు రెండుసార్లు లెక్కకు వస్తున్నాయి” అన్నారు. సరిగ్గా అదే. ఆ మౌనంలో ఆమె లెక్క చూసుకుంటున్నారు, దానికి అడ్డుపడింది నా మాటలే. మధ్యాహ్నం నుంచి ప్రశ్న అడిగి ఆగడం అలవాటు చేసుకుంటున్నాను.

సాయంత్రం బయలుదేరుతుంటే ఆమె నా నల్లకోటు చూసి ఆపారు. తన సంచిలోంచి దారానికి కట్టిన చిన్న ఆకు ఆకారపు బిళ్ళ తీసి, నా జేబుకు పిన్నుతో గుచ్చి, మోకాలి దగ్గర వేలాడేలా సర్దారు. కారు దీపాల వెలుగు కిందుగా పడుతుంది కదా, అక్కడుంటేనే డ్రైవరుకు మెరుస్తుందట. దీన్ని హెయ్యాస్తిన్ అంటారు. వీధిలోకి వచ్చాక గమనించాను, బడిపిల్లల సంచులకు, ముసలివారి కోట్లకు, కుక్కల పట్టీలకు కూడా ఇవే. మంచు పడితే నేల తెల్లబడి ఊరంతా వెలుగు వస్తుందని ఆఫీసులో అందరూ ఎదురుచూస్తున్నారు. చలిని పెంచే మంచును వెలుతురు కోసం కోరుకోవడం నాకు కొత్త.

శనివారం దిగినప్పుడు కూడా ఇలాంటిదే ఒకటి చూశాను. ఆరోజు డిసెంబరు 6. ఫిన్లాండ్ రష్యా నుంచి 1917లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న రోజు. టాక్సీలోంచి చూస్తే ఇంటింటి కిటికీలో రెండేసి కొవ్వొత్తులు. టపాసుల మోతలు, లౌడ్‌స్పీకర్లు ఏవీ నా చెవిన పడలేదు. పండుగ ఇంత నెమ్మదిగా కూడా జరుగుతుందా అనిపించింది.

హోటలుకు వెళ్ళబుద్ధి కాక, రైల్వేస్టేషన్ పక్క నుంచి నడిచి ఓది గ్రంథాలయానికి వెళ్ళాను. స్టేషన్ గుమ్మానికి అటూ ఇటూ నిలబడ్డ నలుగురు గ్రానైటు మనుషుల చేతుల్లో గుండ్రటి దీపాలు వెలుగుతున్నాయి. ఓది 2018లో తెరిచారు. రాత్రి తొమ్మిది దాకా ఉంటుంది. లోపలికి వెళ్తుంటే ఎవరూ కార్డు అడగలేదు. రెండో అంతస్తులో ఒకాయన కుట్టుమిషన్ మీద కర్టెన్ కుట్టుకుంటున్నాడు! గ్రంథాలయం కుట్టుమిషన్ అది, ఎవరైనా వాడుకోవచ్చు. మూడో అంతస్తు నిండా పుస్తకాలు, గాజుగోడలు, కుండీల్లో చెట్లు. ఎదురుగా పార్లమెంటు భవనం స్తంభాలు. ఈ దేశంలో స్త్రీలకు ఓటు వేసే హక్కు, పోటీ చేసే హక్కు 1906లోనే వచ్చాయి. మరుసటి ఏడాది ఎన్నికల్లో 19 మంది స్త్రీలు గెలిచారు. అప్పటికింకా ఇది రష్యా చక్రవర్తి పాలనలోని నేల. ఆ 19 మంది గురించి చదవాలని ఉంది.

ఫిన్నిష్ నాకు ఒక్క ముక్క రాదు. అయినా పక్కన కూర్చున్న విద్యార్థిని నాకు మూడు మాటలు నేర్పింది. కిర్య అంటే పుస్తకం, కిర్యస్తో అంటే గ్రంథాలయం, కిర్యస్తోస్స అంటే గ్రంథాలయంలో. మన “లో” లాగే వీళ్ళ “స్స” కూడా మాట చివర అతుక్కుంటుంది. మూడూ అచ్చుతోనే ముగిశాయి. ఎంత సంతోషం వేసిందో! ఆ అమ్మాయికి “పుస్తకంలో” అని పలకడం నేర్పాను, మొదటిసారికే చక్కగా పలికింది.

తొమ్మిదికి దీపాలు తగ్గించేదాకా అక్కడే ఉన్నాను. ట్రాము కోసం నిలబడితే, వస్తున్న బండి వెలుగులో నా మోకాలి దగ్గరి ఆకు ఒక్కసారిగా మెరిసింది. స్టాపులో ఉన్న మిగతా నలుగురి దగ్గరా అలాగే మెరిసింది.