ఎక్కించిన గ్లూకోజు ఎక్కడికి పోయినట్టు?

సెలైన్ సీసాలోంచి పడే బొట్లు లెక్కపెట్టుకోవడం నాకు అలవాటైపోయింది. చెన్నై వేళచ్చేరిలో మా వీధి చివర చిన్న నర్సింగ్ హోమ్, కిటికీ పక్క మంచం. నాలుగు రోజుల్లో అక్కడ పడుకోవడం అది మూడోసారి. నూరో బొట్టు దాటాక ఎక్కడో, పడే బొట్టు పక్కనే ఇంకో బొట్టు కూడా పడ్డం మొదలైంది. రెండు సీసాలు, రెండు స్టాండ్లు. ఒక కన్ను మూస్తే ఒకటే, తెరిస్తే మళ్లీ రెండు. నర్సుకి చెప్పాను. "నీరసం మా, ఇది ఎక్కితే సరిపోతుంది" అంది. అమ్మ కూడా తలూపింది.

అప్పటికి నాకు పదమూడో వారం. ఆరో వారంలో మొదలైన వాంతులు ఒక్కరోజు కూడా ఆగలేదు. పక్కింట్లో పోపు వేస్తే చాలు, నేను బేసిన్ దగ్గర ఉండేదాన్ని. మంచినీళ్లు కూడా కక్కేసేదాన్ని. 58 కిలోలు ఉండేదాన్ని 49కి దిగాను. పాత మహాబలిపురం రోడ్డులో ఉద్యోగం, నెలన్నరగా సెలవు. డాక్టరు రాసిన ఫోలిక్ యాసిడ్ మాత్ర, బీ కాంప్లెక్స్ మాత్ర రెండూ మింగిన పావుగంటకే బయటికి వచ్చేవి. "వేవిళ్లు ఎవరికి లేవు, మూడో నెల దాటితే అవే పోతాయి" అని అందరూ అనేవాళ్లే. మా అత్తయ్య రోజూ ఫోన్ చేసి, "రెండు సీసాలు ఎక్కించమని గట్టిగా అడగండమ్మా, ఓపికొస్తుంది" అనేది.

మనవాళ్లకి గ్లూకోజు సీసా మీద ఉన్న భక్తి అంతా ఇంతా కాదు. జ్వరమొస్తే సీసా, ఎండదెబ్బ తగిలితే సీసా, పెళ్లి పనుల్లో అలిసిపోతే సీసా. తర్వాత తీరిగ్గా లెక్క వేసుకున్నాను. అయిదు శాతం డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజే, అర లీటరు సీసా. అంటే అందులో చక్కెర 25 గ్రాములు, వంద కేలరీలు కూడా లేవు. రెండు చిన్న ఇడ్లీలంత! ఒంట్లో నీళ్లు తగ్గిపోయినప్పుడు ఆ నీళ్లు మేలు చేస్తాయి, కాదనను. ఓపిక మాత్రం సీసాలో ఉండదు. నా విషయంలో అయితే, ఆ రెండిడ్లీల చక్కెరే ముంచింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక జరిగింది నాకు తెలీదు, మా ఆయన చెప్పిందే. బాత్రూమ్‌కి వెళ్తూ గోడకి కొట్టుకుని పడ్డానట. నిలబెడితే కాళ్లు ఎడంగా పెట్టి, తాగినవాడిలా తూలానట. రాత్రి పదింటికి మంచం మీద కూర్చుని అమ్మతో, "గూడూరు దాటిందా? నాయుడుపేటలో దిగి నీళ్లు పట్టుకోవాల" అన్నానట. అమ్మ మొదట నవ్విందట. "ఏందమ్మే, రైలేంది, ఇది మీ ఇల్లే కదా" అందట. నేను కోపంగా కిటికీ వైపు చూపించి, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో సీటు దొరకలేదని తిట్టానట. అప్పుడు ఏడ్చింది అమ్మ.

ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఎమర్జెన్సీలో ఉన్నది కుర్ర డాక్టరమ్మ, తమిళమ్మాయి. వేలు నా ముఖం ముందు అటూ ఇటూ కదిలించి, దాని వెంట చూడమంది. నా కళ్లు పక్కకి వెళ్లి అక్కడ నిలబడలేక, చేప తోకలా కొట్టుకున్నాయట. ఆవిడ మా ఆయన్ని రెండే ప్రశ్నలు అడిగింది. "ఎత్తనై వారమా వాంతి?" ఏడు వారాలు. "గ్లూకోజ్ మట్టుమా పోట్టాంగ? తయమిన్ కుడుత్తాంగళా?" గ్లూకోజు ఒక్కటే పెట్టారా, తయమిన్ అనే బీ1 విటమిన్ కూడా ఇచ్చారా అని. ఈయన జేబులోని చీటీలన్నీ తీసి చూపించాడు. మూడు చీటీల్లోనూ సెలైన్, డెక్స్‌ట్రోజ్, వాంతుల ఇంజెక్షన్ ఉన్నాయి. తయమిన్ అన్న మాటే లేదు. స్కాన్ కోసం ఆగకుండా, అప్పటికప్పుడు నరంలోకి తయమిన్ మొదలుపెట్టించింది. 500 మిల్లీగ్రాములు, రోజుకి మూడుసార్లు. మర్నాడు ఎంఆర్‌ఐలో మెదడు నడిమధ్యన, థాలమస్ దగ్గర, రెండు పక్కలా తెల్లటి మచ్చలు కనిపించాయి. వెర్నికే ఎన్‌సెఫలోపతి. తయమిన్ అడుగంటితే వచ్చే జబ్బు.

ఇంటర్‌లో బైపీసీ చదివినదాన్ని నేను. గ్లైకాలిసిస్‌లో పది మెట్లు, క్రెబ్స్ వలయం, పైరువిక్ ఆమ్లంలో కార్బన్లు మూడు. ఎంసెట్ బిట్లన్నీ నోటికి వచ్చేవి. ఒక్కటీ బుర్రకెక్కలేదు. మంచం మీద ఉన్న ఆ మూడు వారాల్లో ఎక్కింది.

చక్కెర కణంలోకి వచ్చాక ముందు రెండు ముక్కలవుతుంది. ఆరు కార్బన్ల గ్లూకోజు, మూడేసి కార్బన్ల రెండు పైరువేట్లుగా విరుగుతుంది. దీనికి ఆక్సిజన్ అక్కర్లేదు, తయమిన్ కూడా అక్కర్లేదు. కానీ ఇక్కడ మిగిలే లాభం రెండంటే రెండు ఏటీపీలు, అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణేలు. అసలు సంపాదనంతా ఆ ముక్కలు కణంలోని కొలిమి, మైటోకాండ్రియాలోకి వెళ్లి పూర్తిగా కాలినప్పుడే. మేం 38 అని చదువుకున్నాం, ఇప్పుడు 30 నుంచి 32 అని లెక్క కడుతున్నారు. లోపలికెళ్లిన పైరువేట్‌ని క్రెబ్స్ వలయంలో వేసే ఎంజైము తయమిన్ లేకుండా పనిచెయ్యదు. వలయం మధ్యలో ఇంకో మెట్టు దగ్గరా అదే కావాలి.

పెళ్లి భోజనాల దగ్గర గరిటె లాంటిది తయమిన్. దాన్నెవరూ తినరు, ఒకే గరిటె వెయ్యి విస్తళ్లకి వడ్డిస్తుంది. అది లేకపోతే మాత్రం గుండిగల నిండా అన్నమున్నా బంతిలో వాళ్లు పస్తే. ఒంట్లో దాని నిల్వ ఎప్పుడూ 25, 30 మిల్లీగ్రాములకి మించదు. కొత్తది రాకపోతే రెండు మూడు వారాల్లో ఖాళీ. నాకు ఏడు వారాలు.

మరి అంతకుముందు ఎలా నెట్టుకొచ్చాను? తిండి లేనప్పుడు ఒళ్లు కొవ్వుని కాల్చుకుంటుంది. కొవ్వు ఆ పైరువేట్ గడప తొక్కకుండా వేరే దారిన వలయంలోకి వస్తుంది కాబట్టి ఉన్న కాస్త తయమిన్‌తోనే బండి నడిచింది. సీసా పెట్టగానే ఒళ్లు చక్కెర వైపు మళ్లింది. మిగిలిన నాలుగు గరిటెలూ ఆ పనికే పోయాయి. పైరువేట్ వలయంలోకి పోలేక లాక్టిక్ ఆమ్లంగా మారి రక్తంలో పేరుకుంది. ఒంటి బరువులో రెండు శాతమే ఉండే మెదడు, ఒంటి ఖర్చులో అయిదో వంతు తనే లాగేస్తుంది. ముందు దెబ్బతిన్నదీ అదే. చుట్టూ చక్కెర పెట్టుకుని ఆకలితో అలమటించింది నా మెదడు. అందుకే వాంతులతో చిక్కిపోయినవాళ్లకి తయమిన్ ఇచ్చాకే గ్లూకోజు పెట్టాలంటారు. నర్సింగ్ హోమ్ డాక్టరు చెడ్డవాడేం కాదు, రాత్రి పన్నెండుకి ఫోన్ చేసినా ఎత్తేవాడు. ఎన్ని వారాలుగా అన్న ఆ ఒక్క ప్రశ్న అడగలేదంతే. చవకైన ఇంజెక్షనది. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికే 1881లో ఈ జబ్బుని ముగ్గురిలో చూసి రాశాడు. ఇద్దరు తాగుబోతు మగవాళ్లు, మూడో మనిషి బట్టలు కుట్టుకునే ఒక పడుచు పిల్ల. యాసిడ్ తాగి బతికింది కానీ, ఆ తర్వాత వాంతులు ఆగలేదు. ముగ్గురూ పోయారు. తయమిన్ అంటూ ఒకటుందని అప్పటికి ఎవరికీ తెలీదు. ఆ పిల్ల గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కళ్ల ఆట రెండో రోజుకే తగ్గింది. మూడో రోజు ట్యూబ్‌లైటు ఒకటే కనిపిస్తోందన్నానట. నడక మాత్రం అంత సులువుగా రాలేదు. ఫిజియోథెరపీ అతను వరండాలో గచ్చు పలకల మధ్య గీత చూపించి, మడమకి వేలు ఆనించి నడవమనేవాడు. మూడడుగులకే పక్కకి ఒరిగేదాన్ని. ఏడో నెల వచ్చేసరికి పన్నెండు అడుగులు వేశాను. పాప నెల నిండకముందే పుట్టింది, రెండుంబావు కిలోలు, బాగుంది. ఆ వారం రోజుల జ్ఞాపకాలు మాత్రం ఇక రావు. ఇప్పటికీ తలస్నానం చేస్తూ సబ్బు నురగకి కళ్లు మూసుకుంటే ఒళ్లు ఒక పక్కకి వాలుతుంది. ఎడం చేత్తో కుళాయి పట్టుకునే తల రుద్దుకుంటాను.

డిశ్చార్జ్ అయ్యాక కింది వాటాలో ఓనరమ్మ రోజూ పొద్దున్నే కంజి తెచ్చేది. వాళ్లది పుళుంగల్ అరిసి, మన ఉప్పుడు బియ్యం. వడ్లని నానబెట్టి ఉడకబెట్టి ఎండబెట్టాక ఆడిస్తారు. ఆ ఉడుకులో పైపొరలోని తయమిన్ గింజ లోపలికి దిగుతుంది, పాలిష్ పట్టినా మొత్తం పోదు. మన తెల్ల బియ్యంలో తవుడుతో పాటే పోతుంది, కడిగి గంజి వారిస్తే మిగిలిందీ పోతుంది. పాత మద్రాసు రాజధానిలో బెరిబెరి ఎక్కువగా ఉన్నది మన ఉత్తర సర్కారు జిల్లాల్లోనే, ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో అరుదు. అదీ ఇదే తయమిన్ కరువు. నా జబ్బు బియ్యంతో రాలేదు, వాంతులతో వచ్చింది. అయినా ఇది తెలిశాక మా ఇంట్లో ఉప్పుడు బియ్యమే.

మొన్న అమ్మ నెల్లూరి నుంచి వస్తుంటే సెంట్రల్‌కి వెళ్లాను. స్టేషన్‌కి ఎదురుగానే మద్రాస్ మెడికల్ కాలేజీ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చదివింది అక్కడే. తర్వాత అమెరికా వెళ్లి, 1929లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఏటీపీని పట్టుకున్నాడు. నేను రోజూ కక్కేసిన ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది కూడా ఆయన నడిపించిన బృందమే. ఆ మాట చెబుదామని అమ్మ చెయ్యి పట్టుకుని గేటు వైపు చూపించాను.

"ముందు ఈ సంచీ పట్టుకో అమ్మే, భుజం లాగేస్తా ఉంది" అంది. పది కిలోల మొలగొలుకుల బియ్యం. "మీ అరవ బియ్యం వాసన నా వల్ల కాదు."

ఇప్పుడు మా పొయ్యి మీద రెండు గిన్నెలు.